తాళం ఆపని ఆవిడ

తొంభైల్లో, దేశ రాజధానిలో, మునిర్కాలోని మా సంగీతం క్లాసులో, పిల్లల మధ్య పెద్దవాళ్ళం ఇద్దరమే: నేను, సైన్యంలో పనిచేసే ఒక సుబేదారుగారి భార్య. పాట ఆగినా ఆవిడ చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉండేది.

ఒక ఆదివారం మాస్టారు కసిరారు. "మీ చెయ్యి వెనకబడుతోందమ్మా. పిల్లలు చెడిపోతారు. బయట కూర్చోండి."

"నా చెయ్యి సరిగ్గానే ఉంది మాస్టారూ. మీరే తొందరపడ్డారు."

నిజమే. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. నేనూ వేళ్ళు ముడిచి చూశాను, ఆయన ఏడు లెక్కలకే పాట మళ్ళీ ఎత్తుకున్నారు. అది తెలిసీ నేను నోరు మెదపలేదు.

"అచ్ఛా, బయటే కూర్చుంటాను. తాళం మాత్రం ఆపను" అంటూ ఆవిడ గుమ్మం అవతల మెట్టు మీద చతికిలబడింది.

ఆ రోజు పిల్లలంతా మాస్టారి చేతిని వదిలేసి, బయటినుంచి వినబడే ఆ దెబ్బలకే పాడారు. మొదట అందుకున్న గొంతు నాది.