రాజలింగం మామ కెనడా రైలు

ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడనిదే రాజలింగం మామ ఏ పనీ చేయడు. దాన్ని ఆయన రిహార్సల్ అంటాడు. గార్ల బజారులో నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి ఆనుకొనే ఆయన టెంట్‌హౌస్ ఉంది. కాబట్టి ఆ రిహార్సళ్లలో సగం నా నెత్తిమీదే జరిగాయి.

పన్ను పీకించుకోవడానికి మానుకోట పోయే ముందు రోజు నా దుకాణంలో కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, కళ్లు మూసుకొని కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన గిరాకీ ఒకాయన అది చూసి ఫిట్స్ అనుకొని పరుగున వచ్చి మామ చేతిలో బండి తాళాలు కుక్కాడు. మామ కదల్లేదు. "మూసుకోమని డాక్టర్ చెప్పేదాక నోరు ముయ్యొద్దు గదా," అని తర్వాత నాకు వివరంగా చెప్పాడు.

ఆయన పెళ్లి కథ మా బజారులో అందరికీ తెలుసు. పెళ్లికి ముందు రోజు తాళి కట్టే రిహార్సల్ ఒక మట్టికుండకు చేశాడట. మూడు ముళ్లూ పక్కాగా వేశాడట. ఆ సంగతిని మణెమ్మత్త జన్మలో వదిలిపెట్టలేదు. "నేను రెండో పెళ్లాన్ని అల్లుడా. పెద్దామె అటుక మీదున్నది," అనేది. మామ కాస్త గొంతు పెంచితే చాలు, "పో, పోయి మీ పెద్దామెకు చెప్పుకో," అనేది. ఆ కుండను మాత్రం ఏటా దసరాకు దించి, తానే తుడిచి, మళ్లీ పైన పెట్టేది.

మణెమ్మత్త బతుకంతా ఇతరుల పెళ్లిళ్లలోనే గడిచింది. పెళ్లయ్యాక జంటలు ఊళ్లు తిరగడానికి పోయేవి, ఆమె గుండిగలు తోముకుంటూ ఉండేది. ఒక సాయంత్రం నా దుకాణంలో ఫోన్లో కెనడా రైలు వీడియో చూసింది. మంచులో, చెరువుల పక్క నుంచి, కొండల నడుమ నుంచి పోయే రైలు. ఆ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయి సముద్రం దగ్గర ఆగుతుంది. 

"గసుంటి రైలు ఎక్కాలె అల్లుడా. ఏ పనీ చెయ్యకుంట, కిటికిల నుంచి చూసుకుంట పోవాలె. కొసకు సముద్రం చూడాలె," అన్నది. నాకు తెలిసి ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

కొన్ని వారాలకు మామ వచ్చి నా బల్ల మీద చెయ్యి వేశాడు.

"యుగేందరూ, నేనూ మీ అత్తా కెనడా పోతున్నం."

"కెనడానా? ఎందుకు మామా?"

"చూసొచ్చేటందుకు."

"చూసొచ్చేటందుకైతే లక్నవరం చెరువుకు పోరాదు?"

"లక్నవరానికి రిహార్సల్ ఏం అవసరం?" అన్నాడు మామ. అదీ నిజమే.

ఇక మొదలైంది. టెంట్‌హౌస్ మంచాలు రెండు ఒకదాని మీద ఒకటి కట్టి బెర్తులన్నాడు. చలికి అలవాటు పడాలని చేపల దుకాణం నుంచి మంచుగడ్డలు తెచ్చి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, ముందుగా నన్ను కూర్చోబెట్టాడు. నాకు జలుబు చేసింది. "చూసినవా? పనిచేస్తుంది," అన్నాడు సంతోషంగా.

తిండి దగ్గర మరీ చాదస్తం. "కెనడాల ఉప్పు తినరు," అన్నాడు. అత్త కంచంలోకి ఉప్పు రావడం ఆగింది. "తొక్కు సీసాలు విమానంల గుంజుకుంటరు, ఇప్పటి సంది అలవాటు మానుకోవాలె," అన్నాడు. అత్తకు ప్రాణమైన మామిడికాయ తొక్కు జాడీ మా ఇంటికి వచ్చింది. కొబ్బరినీళ్లు ఆ దేశంలో దొరకవన్నాడు, అరటిపండ్లు వద్దన్నాడు, కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడకబెడతారన్నాడు. రైల్లో మనిషికి ఒక చిన్న బాటిల్ నీళ్లే ఇస్తారని, రోజంతా అత్తను ఆ బాటిల్‌తోనే సరిపెట్టాడు.

"గిదేం దేశం మామా? జైలు లెక్క ఉన్నది," అన్నాను.

"పెద్ద దేశం. పెద్ద దేశానికి పెద్ద రూల్సు ఉంటయి," అన్నాడు.

ఇవి చాలవన్నట్టు, రైలు అలవాటు కావాలని వారానికి మూడుసార్లు ఇద్దరూ పొద్దున బండెక్కి మానుకోట పోయేవారు, సాయంత్రం వచ్చేవారు. బజారంతా నవ్వింది. "కెనడా వచ్చిందా మామా?" అని స్టేషన్లో అడిగేవాళ్లు. "డోర్నకల్ దాటింది," అని మామ నవ్వేవాడు. మణెమ్మత్త కొంగు చేతి మీద కప్పుకొని మెల్లగా వెనక నడిచేది.

ఒక రోజు మా దోస్తు భాస్కర్ బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే చూడడానికి మానుకోట దవాఖానకు పోయాను. వరండాలో నడుస్తుంటే లోపలి నుంచి ఈల వినిపించింది. ఆ వెంటనే తెలిసిన గొంతు.

"సస్కటూన్! సస్కటూన్! రెండు నిమిషాలే ఆగుతది, ఎవలూ దిగొద్దు!"

తలుపు సందులోంచి చూశాను. వరసగా మంచాలు, మంచానికి ఒక మిషన్, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. కిటికీ పక్క మంచం మీద మణెమ్మత్త. నడుమ రాజలింగం మామ మెడలో ఈల వేసుకొని నిలబడి ఉన్నాడు.

"దిగుదామన్నా ఈ గొట్టాలు దిగనిస్తయా బాపూ?" అన్నాడు పక్క మంచం మీది దస్రు. గార్ల దగ్గర తండాలో మిర్చి పండించే రైతు. వార్డంతా నవ్వింది.

నర్సు గ్రేస్ నన్ను పక్కకు పిలిచింది.

"అవ్వకు రెండు కిడ్నీలు పనిచేస్తలేవు అన్నా. ఉప్పు, నీళ్లు, తొక్కు, పండ్లు తగ్గించాలని సార్ చెప్తే మొదట్ల అస్సలు ఇనలే. సూది పెట్టనియ్యలే. 'గీ మంచాల పడి బతికేకంటే సచ్చుడు నయం' అని ఏడ్చింది. దూరం ప్రయాణం చెయ్యొచ్చా అని బాపు అడిగిండు. వారానికి మూడుసార్లు మిషన్ ఉండాలె, యాడికీ పోవద్దని సార్ చెప్పిండు. తర్వాతి సారి మెడల ఈల ఏసుకొని వచ్చి, 'మణెమ్మా, లే. కెనడా రిహార్సల్ సురువైంది. గిదే నీ బెర్త్, కిటికి పక్కన' అన్నడు. ఆనాటి సంది ఆమె చెయ్యి చాపుతుంది. ఇప్పుడు వీళ్లందరు గూడ ఆ రైల్లనే ఉన్నరు."

ఆయన నా దగ్గర కెనడా మాట ఎత్తింది ఆ తర్వాతే.

అత్త నన్ను చూసింది. మామ చాయ్ కోసం బయటికి పోగానే రమ్మని సైగ చేసింది.

"ఊర్ల చెప్పకు బిడ్డా. ఎవలన్న అయ్యో అంటే నాకు కూడు దిగదు. నవ్వితె నవ్వనీ."

"అత్తా, నీకు తెలుసా? అంటే... మీరు పోరు అని?"

"తెల్వకపోవుడేంది? రెండుసార్లు ఉడికిన బీరకాయ తినే దేశం యాడన్న ఉంటదా?" అని నవ్వింది. "మీ మామకు మాత్రం నాకు తెల్వదన్నట్టే ఉండు. మంచిగ చేస్తున్నడు, పాడుచెయ్యకు."

అప్పటి నుంచి నేనూ ఆ రైలు ఉద్యోగినే అయ్యాను. ఏ స్టేషన్ తర్వాత ఏది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అని మామ నన్ను అడిగి తెలుసుకునేవాడు. ఎడ్మంటన్ దాటింది. కొండలు వచ్చాయి. జాస్పర్ వచ్చేసరికి మణెమ్మత్త బాగా చిక్కిపోయింది. రెండు అడుగులు వేస్తే ఆయాసం. 

మామ నా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు.

"జాస్పర్ అయినంక ఇంకెన్ని స్టేషన్లున్నయి అల్లుడా?"

"పెద్దదైతే వాంకూవర్ ఒక్కటే మామా. అక్కడే సముద్రం."

"ఒక్కటేనా? మల్లొక్కసారి సూడు."

చూశాను. ఒక్కటే.

ఆ తర్వాత జాస్పర్‌లో మంచు పడింది. రైలు ఆగిపోయింది. వారం ఆగింది, ఇంకో వారం ఆగింది. బయట గార్లలో ఎండకు తారు కరుగుతోంది, మామ రైలు మాత్రం మంచులోంచి కదలదు. వార్డులో ఎవరూ ఎందుకని అడగలేదు. మణెమ్మత్తే అడిగింది.

"ఎన్ని దినాలు ఆపుతవయ్యా? జర పోనియ్యి. సముద్రం చూడాలె."

"మంచు కరగాలె గదనే."

"సముద్రం నీళ్లన్న ఉప్పగుంటయా? లేకపోతె దానికి గూడ డాక్టర్ వద్దన్నడా?"

దస్రు పగలబడి నవ్వాడు. గ్రేస్ నవ్వింది. మామ కూడా నవ్వబోయి, ఈల నోట్లో పెట్టుకొని కిటికీ వైపు తిరిగాడు.

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో మామ చాయ్ తెచ్చి లేపితే అత్త లేవలేదు. నేను పోయేసరికి మామ మంచం పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. చాయ్ కప్పు ఇంకా చేతిలోనే ఉంది.

"గిదొక్కదానికి రిహార్సల్ చెయ్యలే అల్లుడా," అన్నాడు.

ఆయన చేతిలోంచి కప్పు తీసి పక్కన పెట్టాను.

మూడోనాడు పిట్టముట్టుడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడతాం, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. మామ తానే వండి విస్తరి పెట్టాడు. కాకులు చెట్టు మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు మొక్కారు. "రాజలింగాన్ని మంచిగ చూసుకుంటం మణెమ్మా, ముట్టవే," అన్నారు. ఎండ నెత్తికెక్కింది. నేను విస్తరిలోకి చూశాను. ఉప్పులేని పప్పు, రెండుసార్లు ఉడికిన బీరకాయ. పక్కన చిన్న నీళ్ల బాటిల్.

"మామా, ఇదేంది?" అన్నాను.

మామ విస్తరిని చూశాడు, నన్ను చూశాడు. "అలవాటుల పెట్టిన్రా," అని నెత్తి కొట్టుకున్నాడు. "పో, మీ ఇంట్ల జాడీ ఉన్నది. ఉరుకు!"

ఉరికి తెచ్చాను. మామ తొక్కు ఇంత పెద్ద ముద్ద తీసి విస్తరిలో పెట్టాడో లేదో, ఒక కాకి నేరుగా దిగి ముక్క నోట కరుచుకుంది. ఎగిరిపోలేదు కూడా. అక్కడే నిలబడి తిన్నది.

"తినవే, తిను. ఇగ నిన్నెవలూ ఆపరు," అన్నాడు మామ. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

పదకొండో రోజు దాటాక దస్రు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "బాపూ, అవ్వ పోయిందని తెలిసింది. నాకు దుఃఖం ఆగలే. గని మేమందరం గా మంచులనే ఉన్నం. రైలు కదులుతదా, కదలదా?"

మామ ఈల చేతిలోకి తీసుకున్నాడు. "నడిమిట్ల దింపితె పాపం," అని చొక్కా తొడుక్కున్నాడు. నేనూ వెంట పోయాను.

"సాయంత్రం మా ఇంటికే వచ్చెయ్యి మామా. ఒక్కనివే ఎట్లుంటవు?" అన్నాను రైల్లో.

"ఒక్కన్నెందుకైత? పెద్దామె ఉన్నది గదా. నిన్ననే అటుక మీంచి దించిన," అన్నాడు.

వార్డులో ఈల వేశాడు. మంచు కరిగింది. రైలు కొండలు దాటింది. "ఎడమ దిక్కు చూడుండ్రి, సముద్రం!" అన్నాడు. ఎడమ పక్కన ఉన్నది సున్నం గోడ. అందరూ అటు తిరిగి చూశారు.

కిటికీ పక్క మంచం మీద ఆ రోజే కొత్తగా చేరిన పద్మలత అనే అమ్మాయి ఉంది. చెయ్యి ముడుచుకొని, గోడకు తిరిగి ఏడుస్తోంది. గ్రేస్ సూది పట్టుకొని బతిమాలుతోంది. మామ మెల్లగా అక్కడికి పోయాడు.

"కిటికి సీటు దొరికింది బిడ్డా నీకు. అందరికి దొరకది. నీళ్ల బాటిల్ చిన్నదే తెచ్చుకున్నవా?"

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకొని చూసింది. "ఇది యాడికి పోతది?"

"వచ్చిన తొవ్వనే, ఉల్టా. ఈ కొస నుంచి ఆ కొసకు."

"మల్ల పోవుడా బాపూ?" అన్నాడు దస్రు. "అంతా చూసినం గదా?"

"అది రిహార్సల్ దస్రూ," అని మామ ఈల నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అసలుది గిప్పుడు సురువు."

పద్మలత చెయ్యి చాపింది.