అండమాన్ పోయి వచ్చినాక

మా ఇంట్లో ఊరికే ఎక్కడికీ పోరు. పెళ్లికి పోతారు, చావుకి పోతారు, మొక్కుంటే దర్గాకి పోతారు, రోగమొస్తే నెల్లూరు పోతారు. పనేమీ లేకుండా, ఎవరూ పిలవకుండా ఒక చోటికి పోయి నాలుగు రోజులు కూర్చుని రావడం మా పుట్టింటి వైపూ లేదు, అత్తింటి వైపూ లేదు. అందుకే ఒక ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన "ఈ ఎండాకాలం సెలవులకి అండమాన్ పోదామా?" అన్నప్పుడు, "అక్కడ మనోళ్లెవురు చనిపోయినారు?" అని అడిగాను.

ఆయనకు ఆత్మకూరులో బ్యాటరీల షాపుంది. ఏడాది పొడుగునా షట్టరు ఎత్తడం, దించడం తప్ప వేరే తెలియదు. కొబ్బరిచెట్ల కింద పడుకుని సముద్రం చూడాలనే కోరిక ఎక్కడ పుట్టిందో మరి. ఎనిమిదో తరగతి చదివే మా పాప ఆ మాట వినగానే అన్నం వదిలేసి లేచి గెంతింది. "మీ అమ్మని కూడా తీసుకుపోదాం. ఆమె మాత్రం ఎప్పుడు చూసింది సముద్రం?" అన్నాడు ఆయన. ఆ మాట మొదట అన్నది నేను కాదు, ఆయన. ఇది రాసుకోవాలి.

ప్లానింగంతా నా నెత్తినే పడింది. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. భాష తెలుగైనా తిండి పట్టింపుల దగ్గర మాత్రం ఎవరికీ తీసిపోం. నాకు కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. హలాల్ మాంసం వండే లాడ్జి. పక్కన బార్ ఉండకూడదు. ఆడవాళ్లం ఒంటి నిండా బట్టలతో నీళ్లలో దిగితే వింతగా చూడని సముద్రపు ఒడ్డు. నమాజుకి చోటు. అమ్మకి మెట్లు ఎక్కే పని ఉండకూడదు. నాకొచ్చిన సినిమా హిందీలో ఏడెనిమిది లాడ్జిలకు ఫోన్ చేశాను. ఒకతను కోడిని ఎవరు కోస్తారో, ఆయన పేరేంటో, ఏ మసీదుకి పోతాడో కూడా చెప్పి, "చేపలైతే మీరే పట్టుకోండి మేడం, ఏ గొడవా ఉండదు" అన్నాడు. ఆ లాడ్జినే ఖాయం చేశాం. టిక్కెట్లు కూడా తీసుకున్నాం.

అమ్మ ఉదయగిరిలో ఉండేది. అక్కడి చెక్క గరిటెలకు ఉప్పుకాగితం పట్టి నునుపు చేసే పని ఆమెది. నాయన పోయాక కూడా ఆ పని మానలేదు. ఫోన్ చేసి విషయం చెప్పాను.

"ఆడ నాకేం పని ఉంటాది?" అంది.

"ఏం పని ఉండదుమా. కూర్చోవడమే."

"ఎంతసేపు?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులు ఊరికే కూర్చుంటే మడిసి ఏమైపోవాల?"

మళ్లీ తనే, "ఆడ దిండ్లు ఎన్ని ఇస్తారు? నాకు మూడు కావాల. ఈ మధ్య తల ఎత్తు లేకపోతే నిద్ర పట్టడంల్యా" అంది. లాడ్జిలో దిండ్లకేం కరువులే అని నవ్వాను. కాగితం మీద చివర్న "అమ్మకి దిండ్లు మూడు" అని రాశాను.

పదిరోజులు గడిచాయి. ఒకరోజు అమ్మ పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. మేకలు పెంచుకునే మనిషి. ఆమె మేకలకీ మా అమ్మ చిక్కుడు పాదుకీ పాతికేళ్ల తగవు. "ఏందిమే, మీ అమ్మ హజ్‌కి పోతా ఉండాదా? చెప్పనే లేదే!" అంది.

హజ్‌కి పోయేవాళ్లు బయలుదేరే ముందు ఇల్లిల్లూ తిరిగి, అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యమని అడుగుతారు. తిరిగి వస్తామో రామో అని. మా అమ్మ ఆ పని మొదలుపెట్టింది. అండమాన్‌కి! గరిటెల పని ఇచ్చే ఆయన్ని అడిగింది, రేషన్ డీలర్‌ని అడిగింది, ఎప్పుడో మాటలు మానేసిన చిన్నమ్మ కోసం సీతారామపురం దాకా బస్సెక్కి పోయింది. చివరికి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "నీ మేకల్ని రాయి పెట్టి కొట్టినాను, నిన్నూ తిట్టినాను, మాఫ్ చెయ్యి" అందట. "నేను తిట్టిన తిట్లు చూస్తే నువ్వే నన్ను మాఫ్ చెయ్యాల, పోవే" అని పెద్దమ్మ కాఫీ ఇచ్చి పంపిందట.

నాకు తల కొట్టేసినట్టయింది. కొబ్బరిచెట్ల కింద కూర్చోవడానికి పోతూ ఊరంతా టముకు వేస్తుందా? ఆ శుక్రవారమే ఉదయగిరి బస్సెక్కాను, కోపంతోనే.

అమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పాదాలు బాగా వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడ్డాయి. "ఊరంతా తిరిగితే వాయవా మరి?" అని కసిరాను. వేడినీళ్లలో ఉప్పు వేసి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. "ఇది విహారమ్మా, హజ్ కాదు" అన్నాను.

"సముద్రమే గదా దాటేది. దానికి తెలస్తాదా, ఎవురు ఎందుకు పోతా ఉండారో?" అంది.

కాళ్లు నీళ్లలో పెట్టుకుని, నా వంక చూడకుండా, మెల్లగా అంది. "అందరూ అయిపోయినారు. నువ్వొక్కదానివే ఉండావు. ఆ నర్సు చదువు విషయం మాఫ్ చెయ్యి పాపా."

ఇంటర్ అయ్యాక నాకు నెల్లూరులో నర్సింగ్ సీటు వచ్చింది. అప్పుడే అవ్వ జారిపడి మంచాన పడింది. ఒక్క ఏడాది ఆగమంది అమ్మ. అవ్వ ఆరేళ్లు బతికింది. ఆమె చాకిరీ అంతా నేనే చేశాను, ఆ తర్వాత పెళ్లయింది, చదువు అటే పోయింది. ఇరవై ఏళ్లలో అమ్మ ఆ విషయం ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, కానీ మరిచిపోయింది మాత్రం లేదు. ఆస్పత్రిలో తెల్లబట్టల నర్సు పిల్ల కనిపించిన ప్రతిసారీ ముఖం తిప్పుకునేదాన్ని. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా పెంచుకున్నదాన్ని నేనే.

ఇప్పుడు, నాలుగు రోజుల విహారం కోసం, మేకల పెద్దమ్మ తర్వాత, ఆఖర్న నన్ను అడుగుతుందా అనిపించింది. ఒళ్లు మండింది.

"అండమాన్ పోయి వచ్చినాక చూద్దాంలే" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసి, "సరేలే" అంది. నేను సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

మా ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొద్దున పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసింది. కుళాయి దగ్గర అమ్మ కూలబడిందని, అంబులెన్సులో ఆత్మకూరు తెస్తున్నామని చెప్పింది. నేను ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. దించేసరికి అమ్మకి ఊపిరి అందడం లేదు, మాట లేదు. డాక్టరు కాళ్లు నొక్కి చూసి, ఈ వాపు ఎప్పటినుంచని అడిగాడు. ఊళ్లో తిరిగింది సార్, నడక వల్ల, అన్నాను. పడుకుంటే ఆయాసం వచ్చేదా, దిండ్లు ఎత్తు పెట్టుకునేదా అని అడిగాడు. మూడు దిండ్లు అడిగింది సార్, అన్నాను. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందనీ, కొన్ని నెలలుగా ఉండి ఉంటుందనీ, ముందే తీసుకొచ్చి ఉంటే మందులుండేవనీ అన్నాడు. మధ్యాహ్నం అమ్మ పోయింది.

నర్సు చదివుంటే ఆ కాళ్లు చూడగానే తెలిసి ఉండేది. ఆ ఆస్పత్రి బల్ల మీద కూర్చుని నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. అంటే దీనికి కూడా నువ్వే కారణం కదమ్మా, అని శవం పక్కన అనుకున్నాను. అంత పాపిష్టి మనసు నాది.

ఉదయగిరిలోనే మట్టి చేశాం. అమ్మను పడుకోబెట్టిన జనాజా ఎత్తే ముందు వీధిలో ఒక పెద్దమనిషి గట్టిగా, ఈమె వల్ల ఎవరికైనా బాధ కలిగుంటే మాఫ్ చేయండి, అని అడిగాడు. మాఫ్ చేసినాం, మాఫ్ చేసినాం, అని మగవాళ్లందరూ అన్నారు. మేం ఆడవాళ్లం లోపల ఉన్నాం. నా నోరు పెగల్లేదు. తర్వాత పెగిలింది, ఇప్పటికీ రోజూ నమాజు అయ్యాక అంటూనే ఉన్నాను. వినాల్సిన మనిషికి వినబడిందని నమ్మడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక పెద్దమ్మ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వచ్చి పోయినావే, ఆ శుక్రవారం సందకాడ మీ అమ్మ మా ఇంటికొచ్చింది. మొగం చాటంత చేసుకుని ఉండాది. నా బిడ్డ కూడా మాఫ్ చేస్తానన్నాది, అండమాన్ పోయి వచ్చినాక చేస్తానన్నాది, అనింది. అట్లనే అన్నావంట గదా?"

పెద్దమ్మ నా జవాబు కోసం చూస్తోంది.

"అవును పెద్దమ్మా" అన్నాను. "అట్లనే అన్నాను."