లేత ఎముక మీద నిలబడిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, దేవుడు ఇంకా చేసి ముగించని పనిని చేసేశాడని అందరికీ చూపించబోయి, ఒక ఆదివారం మందిరంలో అందరి ముందూ కూలిపోయిన మనిషిని నేనే. నా పేరు రూతమ్మ, మాది దివిసీమలో కోడూరు పక్కన పల్లె. నేను పడిపోవడం కళ్లారా చూసినవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఉన్నారు, కాబట్టి దాచడానికేమీ లేదు, చూడనివాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

అవి ఊడ్పుల రోజులు. వాన పడి గట్టు జారుడుగా ఉంది, నెత్తి మీద నారు కట్టలతో నడుస్తుంటే నా కుడికాలు పీత బొరియలో దిగబడింది, కాలు అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం చేలోకి తిరిగిపోయింది! ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమని చప్పుడైంది, అది నా ఒంట్లోంచి వచ్చిన చప్పుడని నాకు వెంటనే తెలియనే లేదు. మా ఆయన యాకోబు నన్ను ఎత్తుకొచ్చి, ఆటోలో పడుకోబెట్టి, అవనిగడ్డ మీదుగా బందరు తీసుకెళ్లాడు. అక్కడి ఎముకల డాక్టరుగారు ఎక్సరే వెలుతురుకు పట్టి చూపించి, మోకాలి కింద రెండు ఎముకలుంటాయని, ఒంటి బరువు మోసే పెద్దది ఒకటి, దాని పక్కన సన్నది ఒకటి, నాకు రెండూ విరిగాయని చెప్పారు. విరిగినవాటిని సరిచేసి, తొడ దాకా పిండికట్టు వేసి, మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపవద్దన్నారు.

మా సంఘంలో ఒక అలవాటు ఉండేది. ఆడవాళ్లం అన్నం వండిన ప్రతిసారీ దేవుని పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతాం, నెలకొకసారి కృతజ్ఞతల ఆదివారం నాడు తెచ్చి మందిరంలో ప్రభువు బల్ల ముందు పోస్తాం. రోగం నుంచి లేచినవాళ్లు మాత్రం ఆ బియ్యం గిన్నె నెత్తిన పెట్టుకుని, ఎవరి ఆసరా లేకుండా, గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా నడవాలి. పాస్టరు అయ్యగారు పెట్టిన నియమం కాదు, ఎవరో మొదలుపెట్టారు, అలా జరిగిపోతూ వచ్చింది. టైఫాయిడ్ తగ్గినవాళ్లు నడిచారు, కడుపు ఆపరేషనైనవాళ్లు నడిచారు, మేమంతా చప్పట్లు కొట్టాం, నేనైతే అందరికంటే గట్టిగా కొట్టేదాన్ని.

నా కోసం సంఘం ఆడవాళ్లు మా ఇంట్లో వంతులవారీగా ప్రార్థన పెట్టారు. ఏడో వారానికి నొప్పి పోయింది. సహోదరులారా, నొప్పి పోయింది గనుక ఎముక అతికిందనుకున్నాను! ఇంకా ఐదు వారాలు మంచం మీద ఉండడం దేవుణ్ణి నమ్మకపోవడమే అనుకున్నాను. కృతజ్ఞతల ఆదివారం పొద్దున ఆ మాట మా ఆయనతో అన్నాను.

"డాక్టరుగారు మూడు నెలలన్నారు కదే! దేవుడికి క్యాలెండరు చూడ్డం రాదనుకున్నావా?" అన్నాడు.

"నీకు విశ్వాసం లేదు."

"నా విశ్వాసం సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు నీ కాలు సంగతి చూసుకో," అని రొయ్యల చెరువు మీదికి మేత వేయడానికి వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే నేను వేడినీళ్లు పోసి పిండికట్టు నానబెట్టి, కొడవలితో కోసి తీసేశాను. లోపలి నుంచి నా కాలు కాదన్నట్టుగా సన్నటి కాలు బయటపడింది, తోలు పొట్టు రాలుతోంది. అది చూసైనా నాకు బుద్ధి రాలేదు. గోడ పట్టుకుంటూ, ఆటో ఎక్కి, మందిరం గుమ్మం దగ్గర దిగి, గిన్నె నెత్తిన పెట్టించుకున్నాను. మొదటి అడుగు వేశాను, చప్పట్లు. రెండో అడుగు, ఇంకా గట్టిగా చప్పట్లు, ఎవరో స్తోత్రం అని అరిచారు, నాకు కన్నీళ్లతో ఏమీ కనబడలేదు. బల్లకు నాలుగు అడుగుల దూరంలో మళ్లీ అదే చప్పుడు! బియ్యం మందిరమంతా చిమ్మాయి, నేను వాటి మీద పడ్డాను, ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. అంత కేకల్లోనూ నా వెనక నుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా అన్న మాట నాకు వినబడింది: "విశ్వాసం చాలినట్టు లేదు."

ఎముక విరిగిన నొప్పి మందులకు తగ్గింది గాని ఆ మాట నొప్పికి మందు లేకపోయింది.

బందరులో డాక్టరుగారు తల పట్టుకున్నారు. "ఏమ్మా, ఎముకంటే ఏమనుకున్నావు? విరిగినచోట ముందు రక్తం గడ్డ కడుతుంది, తర్వాత లేత కొబ్బరిలా మెత్తగా పెరుగుతుంది, ఆ లేత కొబ్బరే మెల్లగా గట్టిపడాలి. నువ్వు లేత కొబ్బరి మీద బియ్యం గిన్నె పెట్టి నిలబడ్డావు!" అన్నారు. ఆపరేషను చేసి, కాలికి బయట ఇనుప కడ్డీ పెట్టి, దానినుంచి ఎముకలోకి మేకులు దించారు. పుండు మానలేదు. చీము పట్టింది, కడిగారు, మళ్లీ పట్టింది, మళ్లీ కడిగారు. వానాకాలం పంట కోతకు వచ్చింది, మినుము చల్లారు, మినుమూ పీకేశారు, నా మేకులు నాకే ఉన్నాయి. నా కాలి వాసన నాకే వస్తుండేది, చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్లేవాళ్లు, మా ఆయన పొద్దున్నే వండి, నన్ను కడిగి, చెరువు మీదికి వెళ్లేవాడు. నేను చెప్పానా అని ఒక్కసారైనా అనలేదు, అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను మందిరానికి వెళ్లలేదు. ప్రార్థన కూడా మానేశాను. ఒక్కటే అడిగేదాన్ని: "ప్రభువా, నా మూలాన నీ పేరు అల్లరిపాలైంది, ఊళ్లో నిన్ను చూసి నవ్వుతున్నారు, నన్ను తీసుకుపో." ఆయన తీసుకుపోలేదు. కాలూ బాగుచేయలేదు. పైన రేకుల కప్పు తప్ప నా మాట వినేది ఏదీ లేదనిపించేది. అంతలో డాక్టరుగారు, ఎముక అతకడం మానేసింది, రెండు కొసలూ ఎండిపోయాయి, చీము ఆగకపోతే మోకాలి కింద కాలు తీసేయాల్సి రావచ్చు అని చెప్పారు.

ఆ వారంలోనే సుగుణమ్మ వదిన వచ్చింది. సంఘంలో పాటలు ఎత్తుకునే మనిషి, వరసకు నాకు వదిన. అందరిలా గుమ్మం దగ్గర ఆగలేదు, వచ్చి నా మంచం మీదే కూర్చుని, ముక్కు కూడా మూసుకోకుండా నా కాలు వంక చూస్తూ ఉండిపోయింది.

"ఒసే రూతూ, ఆ రోజు నీ వెనక నుంచి ఆ మాటన్నది నేనేనే," అంది.

నేను దుప్పటి కాలి మీదికి లాక్కున్నాను.

"నువ్వు మొదటి అడుగు వెయ్యగానే నీ మొహం నెప్పితో తెల్లబోవడం నేను చూశాను. చూసి కూడా చప్పట్లు కొట్టాను. మేం చప్పట్లు ఆపి కుర్చీ వేసుంటే నువ్వు ఆ రెండో అడుగు వేసేదానివి కాదు. చాలనిది మా ప్రేమే, నీ విశ్వాసం కాదు," అని ఏడ్చింది. తర్వాత ఆమె చేసిన ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తండ్రీ, దీన్ని లేపమని నిన్ను అడగను. ఇది లేవలేనన్నాళ్లు దీని పక్కన కూర్చునే ఓపిక మాకియ్యి."

ఆ ప్రార్థనకు నా లోపల ఏదో తెగింది. అన్ని నెలల తర్వాత మొదటిసారి ఆమెన్ అన్నాను. రోజూ వదిన వచ్చి, డాక్టరుగారు చూపించినట్టు, చేతులు శుభ్రంగా కడుక్కుని మేకుల చుట్టూ తుడిచేది. కొన్ని వారాలకు చీము ఆగింది. అప్పుడు డాక్టరుగారు నా తుంటి ఎముకలోంచే కొంచెం గోకి తీసి, విరిగినచోట పెట్టి కుట్టారు. ఊపిరున్న ఎముక పక్కన ఉంటే ఎండినది కూడా మొలకెత్తవచ్చమ్మా, కానీ మాట ఇవ్వలేను, మేము కదలకుండా పట్టి ఉంచుతాం, అతకాల్సింది అదే, అన్నారు.

మొదటి ఎక్సరేలో ఏమీ లేదు. నెల తర్వాత తీసినదాంట్లోనూ లేదు. నేను ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను, వదిన నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. మూడోసారి డాక్టరుగారు ఫిల్ము నా చేతికే ఇచ్చి, "ఇదిగో, ఈ రెండు కొసల మధ్య పొగలాంటిది కనబడుతోందా?" అన్నారు. నిజంగా పొగే, పొయ్యి అప్పుడే రాజుకున్నప్పుడు లేచేంత సన్నటి పొగ! "అదేనమ్మా కొత్త ఎముక," అన్నారు. మా ఆయన ఆ ఆసుపత్రి వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చాడు. దేవునికే మహిమ!

ఆ పొగ గట్టిపడడానికి మరో ఊడ్పుల కాలం పట్టింది. కడ్డీ తీసేశారు. నా కుడికాలు ఇప్పుడు కాస్త పొట్టిది, కర్ర లేకుండా నడవలేను, చేలో దిగలేను, వాన ముసురు పట్టిందంటే లోపల సలుపుతుంది. ఇదేం స్వస్థత అని నన్ను అడిగినవాళ్లున్నారు. నిజమే, నేను అడిగినది ఇది కాదు. కానీ నా కాలు నాకుంది, దాని మీద వంటింట్లో నిలబడి మా ఆయనకు అన్నం వండుతున్నాను, దేవుడు ఇవ్వగలిగినంత ఇచ్చాడని ఏడుస్తూనే స్తుతిస్తున్నాను.

మా సంఘంలో ఇప్పుడు లేవలేనివాళ్ల దగ్గరికి అయ్యగారే బల్ల దగ్గర నుంచి లేచి వెళ్తారు, వాళ్ల బియ్యం వాళ్ల పక్కనే కూర్చుని పుచ్చుకుంటారు, చప్పట్లు ఉండవు. కాబట్టి ఇంట్లో మంచం మీద పడి, బాగయ్యాక ముఖం చూపిస్తాంలే అనుకుంటున్న సహోదరీ, సహోదరుడా, బాగవ్వనక్కర్లేదు. డాక్టరు వేసిన కట్టు అలాగే ఉంచుకుని, ఇంకా అతకని ఎముకతోనే రండి. రాలేకపోతే కబురు పెట్టండి, సుగుణమ్మ వదినా నేనూ వస్తాం, నేను కాస్త ఆలస్యంగా వస్తాను గాని వస్తాను.