అత్తయ్య మోకరించిన ఆదివారం

మా ముత్తాత కొండేటి జెకర్యాగారు నాగులగుంట మిషను బడికి మొట్టమొదటి హెడ్మాస్టరు. తాతగారు సమూయేలుగారు పొగాకు కాల్చే బ్యారన్లు రెండు నడిపారు. ఆయన గుడి మెట్లెక్కితే ముందు వరుస లేచి నిలబడేదని ఆ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మా నాన్నగారు దేవదానంగారు అక్కడి మెథడిస్టు సంఘానికి చాలాకాలం కోశాధికారి. ఇవన్నీ జరిగినవి కాబట్టి రాస్తున్నాను. గొప్పకోసం రాశానని ఎవరైనా అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ వంశంలో ఇప్పుడు ఊళ్లో మిగిలింది మా మేనత్త రూతమ్మ ఒక్కతే. ఎనభై దాటింది. ఏడాదిన్నర క్రితం పంపు దగ్గర జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. చేతికర్రతో నడుస్తోంది, గుడికీ వెళుతోంది. కానీ ఆనాటి నుంచి ఆమె ప్రభు రాత్రి భోజనం తీసుకోలేదు; మా వాడుకలో దాన్ని బల్ల అంటారు. ఆ సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, బల్ల ముందున్న పొట్టి చెక్క కటకటాల దగ్గర వరుసగా మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుంటారు. మోకరించలేనివారికి పాస్టరుగారు కుర్చీ దగ్గరికే తెచ్చి ఇస్తారు. తప్పేమీ లేదు, ఎందరో అలాగే పుచ్చుకుంటారు. మా అత్తయ్య మాత్రం తల అడ్డంగా ఊపింది. "కూర్చున్నచోటికి తెప్పించుకోటానికి నేనేమన్నా హోటలుకొచ్చానా?" అందట.

పోయిన బుధవారం ఆమె దగ్గర్నుంచి ఫోను.

"ఒరే సుందరం, ఈ ఆదివారం బల్ల ఉంది. నేను మోకరిస్తా. నువ్వు రా."

"డాక్టరు ఒప్పుకున్నాడా అత్తయ్యా?"

"మోకరించటానికి ఒప్పుకున్నాడు. లేవటం సంగతి నన్నే చూసుకోమన్నాడు."

శనివారం భోజనం చేసి, తాడేపల్లిలో మా ఇంటికి దగ్గరగా ఉన్న కృష్ణా కెనాల్ స్టేషన్లో ఒంగోలు వైపు వెళ్లే మెమూ రైలు ఎక్కాను. ఒంటిగంట దాటింది. టికెట్టు ఖరీదు ఒక మంచి కాఫీ అంత. సంచిలో ఒక జత బట్టలు, బైబిలు, కీర్తనల పుస్తకం. చొక్కా నలగకుండా అట్టల మధ్య పెట్టుకున్నాను. ఇస్త్రీ లేని చొక్కాతో గుడికి వెళ్లిన చరిత్ర మా ఇంట్లో లేదు.

తెనాలిలో జనం దిగి జనం ఎక్కారు. ఎదుటి సీట్లో చీరాల బట్టల కొట్టాయన, కాళ్ల దగ్గర మంగళగిరి చీరల మూట.

"ఎక్కడిదాకాండీ?"

"చీరాలలో దిగి నాగులగుంట వెళ్లాలి."

"పెళ్లా?"

"ఆరాధనకండీ."

"మంచిదే. కానీ చీరాలలో దిగి చీర కొనకుండా పోయిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు" అన్నాడు. బాపట్ల దాటేసరికి మూట విప్పేశాడు. ఆకుపచ్చ అంచున్న తెల్ల నేతచీర ఒకటి తీసుకున్నాను. బేరమాడలేదు. బేరమాడటం మాకు అలవాటు లేదు. ఆ సంగతి ఆయన నా ముఖం చూడగానే కనిపెట్టి ఉంటాడు.

నాలుగింటికి చీరాల. స్టేషను బయట బండి దగ్గర పెసరట్టు బాగుంటుంది, అల్లం పచ్చడి మాత్రం జాగ్రత్తగా అడిగి వేయించుకోవాలి. అక్కణ్ణుంచి పర్చూరు బస్సు, పర్చూరులో షేరు ఆటో. నాగులగుంటకు నేరుగా బస్సు లేదు. వెళ్లాలనుకునేవారు చీకటి పడకముందే పర్చూరు చేరితే ఆటోకి ఇబ్బంది ఉండదు. ఇది మిరప కోతల కాలం. దారి పొడవునా నల్లరేగడిలో కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కోసిన కాయలు అక్కడే ఆరబోస్తారు. చివరి పత్తి తీతకు మిగిలిన చేలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆటోలో ఆరుగురం, ఆరుగురమూ తుమ్ముతూనే ప్రయాణం చేశాం.

అత్తయ్య ఉంటున్నది సుగుణమ్మ ఇంటి ముందుగదిలో. సుగుణమ్మ మిరప కోతలకు వెళ్లే మనిషి, స్త్రీల సమాజానికి ఈ ఏడు కార్యదర్శి, అత్తయ్య నడిపిన సండేస్కూల్లో చదువుకున్నది. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని, మండుతున్న వేళ్లను మజ్జిగ గిన్నెలో ముంచుకుని ఉంది.

"రావయ్యా. మీ అత్త పొద్దుననగా మొదలుపెట్టింది విన్యాసాలు. నాకు చూస్తుంటేనే మోకాళ్లు నొప్పులు" అంది.

అత్తయ్య నా చేతిలో చీర చూసి, అంచు వేళ్ల మధ్య నలిపి, "రేపు కడతా" అని పక్కన పెట్టింది. తరవాత మంచం పట్టె పట్టుకుని మెల్లగా వంగి నేలమీద మోకరించింది. పెద్దగా కష్టపడలేదు. లేవడమే కష్టం. పట్టె మీద రెండు చేతులూ ఆనించి, కుడికాలు ముందుకు వేసి, పెదవి బిగించి, ఒక్క తోపు తోసింది. లేచింది.

నేను గమనించింది వేరే. మంచం పట్టె ఎత్తుగా ఉంది. గుళ్లో కటకటాలు దానికంటే జానెడు పొట్టి. ఆ మాట ఆమెతో అన్నాను.

"నాకు తెలీదా? అరవై ఏళ్లు వాటి ముందే మోకరించా."

"పోనీ, పక్కన నేను నిలబడి పట్టుకుంటా."

"చెయ్యేశావంటే నీతో మాట్లాడను. లేవలేకపోతే ఇక కుర్చీలోనే పుచ్చుకుంటా. రేపటితో తేలిపోద్ది."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. మా ఇంట్లో చివరగా నిటారుగా నిలబడ్డ మనిషి ఆమె.

ఆ సాయంత్రం సుగుణమ్మ వాకిట్లోనే గృహప్రార్థన. వారానికి ఒక ఇల్లు చొప్పున తిరుగుతుంది. పదిహేనుమంది ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు, చాపలు, ఒక డప్పు, ఒక జత తాళాలు. ఒకావిడ కొడుకు ఉద్యోగం కోసం, ఇంకొకావిడ పాడిగేదె కోసం ప్రార్థన చెయ్యమన్నారు. అత్తయ్య తన తుంటి గురించి ప్రార్థన చెయ్యమనలేదు. అయినా అందరూ దాని గురించే చేశారు. నాకు పడక గుడి వెనక గదిలో ఇచ్చారు. అతిథులెవరికైనా అదే. చాప, ఫ్యాను, కుండలో మంచినీళ్లు. అద్దె అడగరు.

ఆదివారం ఆరాధన ఈ కాలంలో ఏడింటికే మొదలవుతుంది. తొమ్మిదికల్లా ఆడవాళ్లు చేలల్లో ఉండాలి కాబట్టి కోతలు అయిందాకా అదే వేళ. చెప్పులు బయట, ఆడవాళ్లు ఎడమ చాపల మీద, మగవాళ్లు కుడివైపు, వెనక గోడ వెంబడి వయసు మళ్లినవారికి ప్లాస్టిక్ కుర్చీలు. లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషీ కొంగున కట్టిన పిడికెడు బియ్యం గుమ్మం దగ్గర బుట్టలో పోస్తుంది. వారమంతా ఎసట్లో పోసేముందు తీసి దాచినది. బల్ల ఉన్న ఆదివారం ఆ బియ్యంతోనే అందరికీ ప్రేమవిందు. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. ఎవరూ లేవలేదు. ఒక ముసలాయన మాత్రం జరిగి చోటిచ్చాడు. చాలు.

పాస్టరుగారు కుర్రవాడు, మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆయనకు ఇంకా రెండు ఊళ్ల సంఘాలు ఉన్నాయి, తరవాతి ఊళ్లో పదింటికి ఆరాధన. గుడి గోడ అవతలే కళ్లం. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కీర్తన మధ్యలో సగంమంది దగ్గుతారు, మిగతా సగం మరింత గట్టిగా పాడతారు. ఆ సంఘంలో పాట ఆగడం నేను చూడలేదు.

ప్రసంగం అయింది. బల్ల సిద్ధమైంది. ఇక్కడ ఒక వాడుక చెప్పాలి. వరుసకు ఎనిమిదిమంది మోకరిస్తారు. అందరూ పుచ్చుకున్నాక పాస్టరుగారు "లేచి సమాధానంతో వెళ్లండి" అంటారు. అప్పుడు ఆ ఎనిమిదిమందీ ఒక్కసారే లేవాలి. ముందొకరు, వెనకొకరు లేవకూడదు.

రెండో వరుసకు అత్తయ్య వెనక కుర్చీలోంచి లేచింది. తెల్లచీర, ఆకుపచ్చ అంచు. కర్ర గోడకు ఆనించి, ఎవరి భుజమూ పట్టకుండా చాపల మధ్యగా నడిచి కటకటాల ముందు మోకరించింది. పక్కనే సుగుణమ్మ. పాస్టరుగారు అరచేతిలో రొట్టె పెడుతుంటే ఆవిడ మెల్లగా అంది, "మజ్జిగలో కడిగానయ్యగారూ, లేకపోతే రొట్టె కూడా మండుద్ది." ఆయన నవ్వు ఆపుకున్నాడు. అత్తయ్య రెండు చేతులూ చాచింది. ఏడాదిన్నర తరవాత పుచ్చుకుంది.

"లేచి సమాధానంతో వెళ్లండి."

ఏడుగురూ లేచారు. అత్తయ్య కటకటాల మీద చేతులు ఆనించి తోసింది. సగం లేచి మళ్లీ కిందికి వచ్చేసింది. చెక్క కిర్రుమంది. నేను నిలబడిపోయాను. ఒక అడుగు కూడా వేశాను.

"ఒరే, కూర్చో" అంది వెనక్కి తిరగకుండానే.

అప్పుడు జరిగింది నేను ఏ పెద్ద గుళ్లోనూ చూడలేదు. సుగుణమ్మ అటూ ఇటూ చూసి, "మోకరించండే, అత్త ఇంకా లేవలా" అంది. లేచిన ఏడుగురూ మళ్లీ మోకరించారు. వరుస తెగలేదు. పాస్టరుగారు గడియారం వైపు చూడలేదు. పళ్లెం బల్లమీద పెట్టి, ఇందాకటి కీర్తన చివరి చరణం తనే ఎత్తుకున్నాడు. గుడి అందుకుంది. డప్పు కలిసింది. గోడ అవతలి నుంచి ఘాటు వచ్చింది, ఎవరో దగ్గారు, పాట పెరిగింది. చరణం అయిపోతే మొదటి చరణానికి వెళ్లారు. వెనక ఎవరూ కదల్లేదు, ఎవరూ తొందరపెట్టలేదు.

అత్తయ్య కాస్త ఊపిరి తీసుకుంది. కుడికాలు ముందుకు వేసింది. ఈసారి కటకటాల మీద చేతులు పెట్టలేదు, ముంజేతులు మొత్తం ఆనించింది. జానెడు తేడాను అలా సరిచేసుకుంది. పెదవి బిగించింది. లేచింది. పూర్తిగా, నిటారుగా లేచింది. ఆమెతోపాటు ఏడుగురూ ఒక్కసారే లేచారు. "స్తోత్రం!" అని ఆడవాళ్లవైపు నుంచి వచ్చిన కేకకు కళ్లంలో వాలిన పిట్టలు లేచిపోయాయి.

ప్రేమవిందులో పప్పుచారు, దోసకాయ పచ్చడి, తలా ఒక కోడిగుడ్డు. పాస్టరుగారు నిలబడే రెండు ముద్దలు తిని బండెక్కాడు. తొమ్మిదింపావుకి సుగుణమ్మ ఫోను మోగింది. కోతల మేస్త్రి గొంతు బయటికే వినిపిస్తోంది: "ఏందే, ఇంకా ఒక్కరూ రాలా?"

"రూతమ్మత్త మోకాళ్ల మీద నుంచి లేచిందని చెప్పు మీ ఆసామికి. ఒక గంట ఆగితే మిరపకాయలు ఎక్కడికీ పారిపోవు" అంది సుగుణమ్మ. తరవాత అత్తయ్య పక్కన చతికిలబడి, "నీ తుంటి విరిగింది గానీ మెడ మాత్రం ఏ డాక్టరూ వంచలేడత్తా" అంది. అత్తయ్య రెండో గుడ్డు అడిగింది. ఇచ్చారు.

తిరుగు ప్రయాణం గుంటూరు మీదుగా పెట్టుకున్నాను. పర్చూరులో మధ్యాహ్నం రెండింటి బస్సు దొరికింది, చిలకలూరిపేటలో టీకి ఆగుతుంది. ముందు వెళ్తున్న లారీల నిండా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, రేపటి గుంటూరు మిర్చి యార్డుకు. పక్కసీట్లో ఒక రైతు, తన సరుకు వెనకాలే వెళ్తున్నాడు.

"నాగులగుంటలో పొలముందాండీ మీకు?" అనడిగాడు.

"మా మేనత్త ఉందండీ. గుళ్లో మోకరించి లేస్తానంటే చూద్దామని వచ్చాను."

"లేచారా మరి?"

"తనంతట తనే లేచింది."

ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, "పెద్ద ప్రాణానికి అంతకంటే ఏం కావాలండీ" అన్నాడు. ఆ తరవాత కిటికీలోంచి ఎర్రటి కళ్లాలు చూస్తూ కూర్చున్నాం.

నాగులగుంట గుడి చూడదగ్గ కట్టడమేమీ కాదు. రేకుల కప్పు, సున్నం గోడలు. కానీ మొదటి ఆదివారం ఏడింటికి వెళ్లండి. ఒక మనిషి లేచేదాకా ఊరంతా మోకాళ్ల మీద ఆగుతుంది. నేను చూశాను. అలా ఆగినది మా మనిషి కోసం.

పొలం మా నాన్నగారి రోజుల్లోనే పోయింది. బ్యారన్లు కూల్చి ఇటుకలు అమ్మారు. చివరికి గుడి ఎదుట పెంకుటిల్లు ఒక్కటే మిగిలింది. దాన్ని అత్తయ్య తుంటి ఆపరేషనుకు నేను అమ్మాను.