సలోమి మేడం అడగని మాట

ఆటోక్లేవ్ మూత తెరవగానే వచ్చే వేడి నూలుబట్టల వాసన నాకు ఇప్పటికీ సలోమి మేడంని తెచ్చి ఎదుట నిలబెడుతుంది. తాండూరులోని ఈ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ బాధ్యత నాది. పొద్దున్నే ఆవిరిలో శుద్ధి చేసిన బట్టలు బయటికి తీస్తుంటే, వికారాబాద్‌లో ఆమె దగ్గర కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లోకి వెళ్లిపోతాను.

మేడంది యాలాల్ దగ్గర పల్లె. తల్లి కంది చేలల్లో కలుపు తీసి కూతుర్ని చదివించింది. ప్లాస్టిక్ సర్జన్ అయ్యాక కూడా మేడం మాటలో ఆ పల్లె యాస పోలేదు. ఆమె దగ్గరికి ఎక్కువగా కాలిన చేతులు, గనుల్లో బండ కింద నలిగిన వేళ్లు వచ్చేవి. అప్పుడప్పుడు మాత్రం తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడే ఆడవాళ్లు వచ్చేవారు. రొమ్ములు కాస్త నిండుగా కావాలని వాళ్ల కోరిక. తొడల నుంచో పొట్ట నుంచో సన్నటి గొట్టంతో కొవ్వు తీసి, అందులోని నీరు, నెత్తురు వేరు చేసి, మిగిలినదాన్ని రొమ్ములో కొద్దికొద్దిగా ఎక్కించేవారు మేడం. బయటి వస్తువేదీ లోపల పెట్టే పని లేదు. అయితే మార్పు కొంచెమే. ఆ సంగతి ముందే చెప్పేవారు. "ఎక్కించిందంత నిలవదు బిడ్డా. కొంత ఒళ్లే గుంజుకుంటది. నిలిచిందే నీది. పెద్దగ కావాలంటే నా దగ్గర కాదు."

ఒకసారి తాండూరు నుంచి ఓ జంట వచ్చింది. మాటలన్నీ భర్తవే. భార్య చూపు నేల మీదే ఉంది. మేడం అతన్ని బయట కూర్చోమని పంపి, నన్ను ఉండమన్నారు. చాలాసేపు ఏమీ అడగలేదు. నాకే ఇబ్బందిగా అనిపించి ఏదో అనబోతే, కంటితోనే వద్దన్నారు. చివరికి ఆమే నోరు తెరిచింది. "నాకు ఇష్టం లేదు మేడం. ఆయనకు చెప్పలేను."

"నువ్వు చెప్పకు. నేను చెప్త," అన్నారు మేడం.

ఆమెను పరీక్షించి, భర్తను లోపలికి పిలిచారు. "ఈమె ఒంట్ల తీసేంత కొవ్వు లేదు. నేను చెయ్య. వేరే ఎవరన్న చేస్తమన్నా నమ్మి పోవద్దు," అని తేల్చేశారు. అందులో అబద్ధం లేదు. ఆమె నిజంగానే బక్కపలచని మనిషి. కానీ ఆ నిజాన్ని మేడం తన మీద వేసుకున్న తీరు వల్ల, ఇంటికెళ్లాక ఆమె మీద నింద పడకుండా పోయింది.

ఇదంతా చూస్తూ నేను నా సంగతి దాచుకునేదాన్ని. నా ఎడమ రొమ్ము కుడిదానిలో సగం కూడా పెరగలేదు. ఓణీ వేసుకున్న నాటి నుంచీ ఆ వైపు చేతిరుమాలు మడిచి పెట్టుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేనప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మేడం, నాకు కూడా చేస్తరా?"

ఆమె ఆశ్చర్యపోలేదు. "నువ్వొచ్చిన కొత్తల్నే చూసిన," అన్నారు.

"మరి ఎన్నడూ అడగలేదు?"

"నువ్వు చెప్పుకోవాల్సిన మాట. నేనెట్ల ముందుగాల ఎత్తుత? ఇది ఎవరి కోసం చేయించుకుంటున్నవ్?"

"నా కోసమే," అన్నాను. ఆ రెండు మాటలు అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్కానింగ్ చేయించారు. రెండూ అచ్చం ఒక్కలా కావని, అవసరమైతే మరోసారి చేయాల్సి రావచ్చని చెప్పారు. ఇంట్లో చెప్పి రమ్మన్నారు. మాది గొర్రెలు కాసే ఇల్లు. అమ్మ మొదట కసిరింది. "దేవుడిచ్చిన ఒళ్లు, ఎందుకు పొడిపించుకుంటవ్?" అయినా బషీరాబాద్ నుంచి బస్సెక్కి నాతోపాటు వచ్చింది.

మేడం ఎదుట కూర్చున్నాక అమ్మ మొదట నేలకేసి చూస్తూ ఉండిపోయింది. మేడం తొందరపెట్టలేదు. కాసేపటికి అమ్మ నోట నాతో ఎన్నడూ అనని మాట బయటపడింది. "పసిగుడ్డుగున్నప్పుడు దీనికి ఎద మీద గడ్డ లేచింది. జరం దిగలే. ఊర్ల ఒకాయనతోని నేనే కోయించిన. గందుకే గా పక్క పెరగలేదమ్మా. నా చేతులారా చేసిన."

మేడం కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకున్నారు. "అమ్మా, గా చీము తియ్యకపోతే బిడ్డ దక్కకపోతుండె. కోసుడు వల్ల పెరుగుడు ఆగి ఉండొచ్చు. కానీ నువ్వు బిడ్డను బతికించుకున్నవ్. మిగిలింది మనం చూసుకుందం."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లు ఆమె నాకు స్నానం చేయించినప్పుడల్లా, జడ వేసినప్పుడల్లా ఏం మోస్తూ వచ్చిందో నాకు ఆ రోజే తెలిసింది.

ఆపరేషన్ తర్వాత రొమ్ము కన్నా తొడలే ఎక్కువ నొప్పి పెట్టాయి. మొదట వాపుతో నిండుగా కనిపించింది. వాపు తగ్గుతున్న కొద్దీ అంతా కరిగిపోతోందని నాకు ఫికరు పట్టుకుంది. మేడం మాత్రం, "జర ఆగు. ఇంక కొన్ని నెలలు దాని పని అది చేసుకుంటది," అనేవారు. నిజంగానే కొంత పోయింది, కొంత నిలిచింది. ఇప్పటికీ తేడా ఉంది. కానీ అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు కిక్కిరిసిన బస్సులో రెండు చేతులూ పైకెత్తి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. దిగాక గానీ తట్టలేదు, అలా నిలబడటం అదే మొదటిసారని.

తర్వాత మేడం దూరంగా ఓ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయారు. నేను తాండూరుకు వచ్చాను. మొన్న కట్టు మార్పించుకోవడానికి ఓ అమ్మాయి వచ్చింది. కట్టు కట్టడం అయిపోయినా లేవలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. బయట జనం ఉన్నారు. నేను పరదా లాగి, స్టూలు మీద కూర్చున్నాను. ఏమైందని అడగలేదు. ఆ అమ్మాయి పరదా వైపు ఒకసారి చూసి, మెల్లగా నా వైపు తిరిగింది.

"అక్కా, ఒక మాట చెప్పనా?"

"చెప్పు బిడ్డా," అన్నాను.