చింతపండుతో తేలిన పూత

మాదాపూర్‌లో రాళ్లు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. కొండాపూర్‌లో నాకొక చిన్న దుకాణం ఉండేది. ఖరాదు మిషను మీద చెక్కను తిప్పుతూ, ఉలి ఆనించి మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు గుండ్రంగా దించేవాణ్ణి. ప్లాస్టిక్ కుర్చీలొచ్చి ఆ పనిని ఊడ్చుకుపోయాయి. మిగిలిన టేకు ముక్కలతో పెన్నులు చేయడం మొదలుపెట్టాను. చెక్క ఒళ్లు నేను చేసేది. క్లిప్పు, ముందరి మూతి, వెనకటి టోపీ ఇత్తడివి, సెట్లుగా కొనేవాణ్ణి. వాటికి పూత మాత్రం జీడిమెట్లలో వేయించుకోవాలి.

కొత్తగా తెరవబోతున్న ఒక కంప్యూటర్ కంపెనీ తన వాళ్లందరికీ పంచడానికి రెండు వందల పెన్నులు కావాలంది. ఆ పని దక్కితే నా మిషను తిరుగుతుంది. దక్కకపోతే పాత ఇనుములో వేసేయడమే. సామాన్లు కొనే ఆఫీసరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "గిల్టు వేయించండి. బంగారంలా మెరవాలండి. ముందు నమూనా చూపించండి" అన్నాడు.

జీడిమెట్లలో పూతలు వేసే మేస్త్రి గిల్టు, నికెల్, క్రోమ్, మూడూ నా ముందు పెట్టాడు.

"ఏది ఎక్కువ దినాలుంటది?" అని అడిగాను.

"గిల్టు పెండ్లికొడుకు లెక్క పెద్దాయనా, ఆ ఒక్క దినమే సూడాలె. నికెల్ జర నయం, రాను రాను మసకబారుతది. క్రోమ్ అంటవా, నీ సైకిల్ హ్యాండిల్ సూస్కో. వానల నిలబెట్టినా ఫికర్ లేదు."

"సారు గిల్టు అడిగిండు మరి."

"అయితే గిల్టే ఎయ్యించు. సారుతోని పంచాది నీకెందుకు?"

ఎందుకైనా మంచిదని మూడు పూతలతో మూడు పెన్నులు చేసి, ఇంట్లో దీపాల పక్కన గూట్లో పెట్టాను. మర్నాడు శుక్రవారం. నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఇంటామె దీపాలతో పాటు నా పెన్నులను కూడా చింతపండు, ఉప్పు, బూడిద కలిపి కొబ్బరి పీచుతో తోమి ఎండలో ఆరబెట్టింది.

"ఏందే ఇది? పెన్నులను తోముతరా ఎవరన్న?"

"దీపాల పక్కన వెట్టినవ్, ఇత్తడే అనుకున్న. ఒక్కదాన్ని తోమి రెండింటిని ఇడిశిపెడతనా? గా బంగారం నా చింతపండుకే ఆగలే. కంప్యూటరోళ్ల చేతులకేం ఆగుతదయ్యా?"

గిల్టు పోయి ఇత్తడి బయటపడింది. నికెల్ మీద గీతలు పడ్డాయి. క్రోమ్ మాత్రం ఏమీ జరగనట్టు మెరుస్తోంది. చెమట కూడా గిల్టును ఇలాగే తింటుందని నాకు తెలియనిది కాదు. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. పెన్ను పారిపోతుందేమోనని గొంతు పిసికినట్టు పట్టుకునేవాణ్ణి. అలా రెండు గిల్టు పెన్నులను బోడి చేశాను.

ఇంకో గిల్టు నమూనా చేయించి, నోరు మూసుకుని ఆర్డరు తెచ్చుకోవచ్చు. ఒక బీడీ కాలేంత సేపు ఆ మాటే ఆలోచించాను. కానీ ఆరు నెలలకే పెన్నులన్నీ బోడిగా తిరిగొస్తే ఆ తర్వాత ఎవరడుగుతారు? తోమిన పెన్నులనే తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టాను.

"ఇవేంటండీ ఇలా ఉన్నాయి?"

"మా ఇంటామె తోమింది సారూ."

"పెన్నుల్నా?"

"చింతపండుతోని."

ఆయన మూడింటినీ ఒక్కొక్కటిగా తిప్పి చూసి కింద పెట్టాడు. ఇక నా మిషను పాత ఇనుముకే అనుకున్నాను. చివరికి క్రోమ్‌ది చేతిలోకి తీసుకుని, "గట్టిదేనండి, కానీ స్టీలు గరిటెలా ఉంది. మా డైరెక్టర్లకు దీన్ని ఎలా ఇవ్వమంటారు?" అన్నాడు.

"మీ డైరెక్టర్లు పెన్నుతోని రాస్తరా, జేబుల పెట్టుకుంటరా?"

ఆయన లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు. అప్పుడు నవ్వాడు.

"జేబులో పెట్టుకుంటారండి."

"అయితే వాళ్లకు గిల్టే ఎయ్యిస్త, ఏం గాదు. రాసేటోళ్లకు క్రోమ్."

డైరెక్టర్లకు ఇరవై గిల్టు, మిగతావి క్రోమ్ అని ఆర్డరు కాగితం రాసి సంతకం పెట్టాడు. నా చేతికివ్వబోయి ఆగాడు.

"ఇందులో నాదీ ఒకటుందండి. దానికేం వేస్తారు?"

"మీరు రాస్తరా సారూ?"

రెండు వందల పెన్నుల గురించి ఆలోచించినదానికంటే ఆ ఒక్కదాని గురించే ఎక్కువసేపు ఆలోచించాడు.

"క్రోమే వేయండి. జేబు బయటికి కనిపించే క్లిప్పుకు మాత్రం గిల్టు."