డిస్కుకెక్కిన మాట

అంగన్‌వాడీలో పనిచేసే దేవకుమారికి కోపం ఎక్కువని కొండేటిపాలెంలో తెలియనివాళ్ళు లేరు. పిల్లల్ని ముక్కు తుడవకుండా అంగన్‌వాడీకి తెచ్చే తల్లుల మీద అరుస్తుంది. పగిలిన కోడిగుడ్లు దింపి జారుకునే వ్యాను డ్రైవరు మీద అరుస్తుంది. ఆమె భర్త పాలకొల్లు రైసుమిల్లులో పనిచేసే నెమ్మదైన మనిషి. "మా ఆవిడ అరిస్తే పర్లేదండి. అరవకపోతేనే నాకు దడ" అని తోటివాళ్ళతో అంటుండేవాడు.

కొండేటిపాలేనికి ఉన్నది ఒక్కటే మంచినీళ్ళ చెరువు. కాలవ కట్టేసే ముందు దాన్ని నింపుకుంటే, మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. ఆ చెరువు గట్టుని ఆనుకుని ఉన్న వరిచేలని సర్పంచి చంద్రరావు కొన్నాడు. కొత్తరకం రొయ్య మీద అందరూ ఎగబడుతున్న రోజులవి. ఆయన చేలు తవ్వించి, బోర్లు వేసి, ఉప్పునీళ్ళు తోడించి రొయ్యపిల్లని వదిలాడు. ఏడాది తిరక్కుండానే ఆ ఉప్పు గట్టుకింద నుంచి మంచినీళ్ళలోకి ఊరింది.

అంగన్‌వాడీలో మొదట పప్పు ఉడకడం మానేసింది. దేవకుమారి ఎంతసేపు పొయ్యిమీద ఉంచినా గింజ గింజలాగే ఉండేది. పిల్లలు నమల్లేక పక్కన పెట్టేసేవాళ్ళు. తర్వాత పిల్లలకి ఒంటిమీద దురదలు, ఆపైన విరేచనాలు. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు పప్పు వేళ్ళతో నలిపి చూసి, "వండటం రాకపోతే మానెయ్యమ్మా, వేరేవాళ్ళని చూసుకుంటాం" అంది. దేవకుమారి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆవిడ ఒక్క గుక్క నోట్లో పోసుకుని గుమ్మం బయటికి వెళ్ళి ఉమ్మేసింది. బ్యాగులోంచి తన సీసా తీసి పుక్కిలించింది. పోతూ పోతూ మెమో మాత్రం ఇచ్చే పోయింది.

ఆ చలికాలంలోనే ఒక టీవీ ఛానెలు వాళ్ళు ఊరూరా తిరిగి జనం సమస్యల మీద చర్చ పెడుతూ కొండేటిపాలెం వచ్చారు. హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. దేవకుమారి మైకు లాక్కున్నంత పని చేసి, నీళ్ళ సంగతి మొత్తం చెప్పింది. కెమెరా చంద్రరావు వైపు తిరిగింది. ఆయన తెల్లచొక్కా సర్దుకుని లేచాడు.

"చూడమ్మా, ఈ ఊరు నా ఇల్లు. ఉగాదినాటికి ఈ చెరువు నీళ్ళు నేనే మీ అందరి ముందూ తాగుతాను. చుక్క ఉప్పగా ఉన్నా నా రొయ్యల చెరువులు నా ట్రాక్టరుతో నేనే పూడ్చేస్తాను. ఇది చంద్రరావు మాట!"

జనం చప్పట్లు కొట్టారు. దేవకుమారి కూడా కొట్టింది. ఆ తర్వాత చాలా కాలం, ఆ చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా తన చేతులు తనే విరిచేసుకోవాలనిపించేది ఆమెకి.

ఉగాది వచ్చింది. నీళ్ళు ఇంకా ఉప్పెక్కాయి. ఉగాది పచ్చడి కలుపుకోడానికి కూడా ఊళ్ళో ఆడవాళ్ళు పక్క ఊరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చారు. మధ్యాహ్నం పంచాయతీ అరుగు దగ్గర పంచాంగం వినడానికి అందరూ చేరినప్పుడు దేవకుమారి చెంబుతో చెరువు నీళ్ళు పట్టుకెళ్ళింది.

"తాగండి చంద్రరావు గారూ. ఇవాళ ఉగాది."

ఆయన చెంబు వైపు చూడలేదు. "ఏంటమ్మా ఇది, పండగపూట?"

"టీవీలో మాటిచ్చారు కదండీ. తాగుతానన్నారు. ఉప్పగా ఉంటే చెరువులు పూడుస్తానన్నారు."

"నేనా? నీళ్ళు పరీక్ష చేయిస్తానన్నాను. పూడ్చేస్తానని ఎందుకంటాను? కోట్ల సరుకు ఉంది అందులో. నాకేమన్నా పిచ్చా?" ఆయన చుట్టూ చూశాడు. "ఏవయ్యా, నేనలా అన్నానా?"

ఆ రోజు షామియానా కింద ముందు వరసలో కూర్చున్నవాళ్ళే అందరూ. ఒకాయన పంచాంగం కాయితం తిరగేసుకున్నాడు. ఇంకొకాయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. వాళ్ళలో సగంమంది చేలు చంద్రరావుకే లీజుకిచ్చారు, మిగతా సగంమంది కొడుకులు ఆయన చెరువుల మీదే పనిచేస్తున్నారు. ఎరువుల కొట్టు శివరామకృష్ణ ఒక్కడు గొంతు సవరించుకుని, "టెస్టింగు అనే అన్నట్టు గుర్తమ్మా" అన్నాడు.

దేవకుమారి ఆ రోజు అరవలేదు. చెంబులో నీళ్ళు ఆ అరుగు మీదే ఒంపేసి ఇంటికొచ్చింది. చంద్రరావు అబద్ధం ఆడాడంటే అది ఆయన లాభం. వీళ్ళకేమైంది? వీళ్ళ పిల్లలు తాగడం లేదా ఆ నీళ్ళు? వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఆమె అదే అడిగింది, భర్తని, గోడల్ని. "మనకెందుకే" అన్నాడు భర్త. ఆ మాటకి అతనికి ఆ పూట అన్నం తనే పెట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు ఛానెలు వాళ్ళకి ఫోన్ చేసింది. ఆ ప్రోగ్రాం టేపు మీద వేరేది ఎక్కించేశామని చెప్పారు. ఊళ్ళో కేబుల్ అతను ఏదీ దాచడు. అప్పుడు గుర్తొచ్చింది, శివరామకృష్ణ ఇంట్లో ఉన్న కొత్త సెట్‌టాప్ బాక్సు. ప్రోగ్రాములు దానంతటదే దాచుకునే బాక్సు ఆ ఊళ్ళో అదొక్కటే. తను టీవీలో కనబడుతున్నానని ఆయన ఆ రోజు వీధంతా చెప్పుకుని మరీ రికార్డు పెట్టుకున్నాడు.

కొట్టుకి వెళ్ళి అడిగితే ఆయన మొహం మాడ్చుకున్నాడు. "పోయిందమ్మా. బాక్సు నిండిపోతే పాతవి అదే కొట్టేస్తుంది. మా చేతుల్లో ఉండదు."

"ఒక్కసారి చూడనివ్వండి."

"లేదంటుంటే నీక్కాదూ చెప్పేది!"

చంద్రరావు చెరువులకి సున్నం, మందులు, మేత అన్నీ ఆ కొట్టు నుంచే వెళ్తాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ దాన్ని ఎత్తలేదు.

రెండు మూడు రోజులకి శివరామకృష్ణ భార్య అలివేలుమంగ మనవరాలిని అంగన్‌వాడీలో దింపడానికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే వెళ్ళిపోయే మనిషి లోపలికి వచ్చి, పిల్ల మోచేతి మీద పుళ్ళు చూపించింది.

"మందు రాస్తున్నా తగ్గట్లేదు దేవకుమారీ."

"నీళ్ళు మారకపోతే ఏ మందుకీ తగ్గదండి."

అలివేలుమంగ పిల్ల చొక్కా చెయ్యి కిందికి లాగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఉంది" అంది. "ఆ ప్రోగ్రాం ఉంది. మొన్న కూడా చూసుకున్నారు, తను కనబడేచోట ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి. రేపు పొద్దున్న ఆయన భీమవరం వెళ్తున్నారు. వచ్చి తీసుకెళ్ళు."

దేవకుమారి ఆ సాయంత్రమే పాలకొల్లు వెళ్ళి బుల్లియ్యని పట్టుకుంది. అతను పెళ్ళి వీడియోలు తీస్తాడు, పాత క్యాసెట్లు డిస్కుల్లోకి ఎక్కిస్తాడు. ఆమె పెన్‌డ్రైవ్ తెస్తే చాలు కదా అంటే నవ్వాడు.

"ఆయ్, అదవ్వదండి. దానికి యూఎస్‌బీ కన్నం ఉంటుంది గానీ ఉత్తదే. లోపల తాళం వేసేసుంటుంది. బాక్సు ఆడిస్తూ ఉంటే ఇటు డీవీడీ రికార్డర్లో పట్టుకోవాలి. గంట ప్రోగ్రాం అయితే గంటా కూర్చోవలసిందే."

"కూర్చుంటాను" అంది.

మర్నాడు బుల్లియ్య తన డీవీడీ రికార్డరుని దుప్పటిలో చుట్టి స్కూటరు మీద తెచ్చాడు. అలివేలుమంగ హాల్లో టీవీ బల్ల ముందుకి జరిపించింది. బుల్లియ్య పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు ఆ పెట్టెలోంచి తీసి ఈ పెట్టెలో గుచ్చి, కొత్త డిస్కు పెట్టి, ఎర్రమీట నొక్కాడు. తెర మీద షామియానా కనబడింది. ముగ్గురూ చూస్తున్నారు. వేరేవాళ్ళు రోడ్ల గురించి, పింఛన్ల గురించి మాట్లాడుతున్నారు. అవన్నీ దాటితేగాని ఆ మాట రాదు.

సగం అయ్యేసరికి వీధిలో మోటారుసైకిలు ఆగింది. శివరామకృష్ణ. భీమవరం బయల్దేరినవాడు, తన ఇంటి ముందు బుల్లియ్య స్కూటరు ఉందని దారిలో ఎవరో ఫోన్ చేసి చెబితే వెనక్కి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి వైర్లని, బుల్లియ్యని, దేవకుమారిని వరసగా చూశాడు.

"ఏంటిదంతా? మా ఇంట్లో దొంగతనం చేస్తున్నారా?"

"పోయిందన్నారు కదండీ" అంది దేవకుమారి, లేవకుండా. "పోయినదాన్ని ఎవరు దొంగిలిస్తారు?"

"నా వ్యాపారం పోతుందమ్మా! నీకేం, జీతం వస్తుంది, నోరుంది. రేపు చంద్రరావు గారు నా కొట్టు మూయిస్తే నువ్వు తెరిపిస్తావా?" అంటూ స్విచ్‌బోర్డు దగ్గరికి రెండంగల్లో వెళ్ళాడు.

అలివేలుమంగ ఆయనకంటే ముందు లేచి బోర్డుకి వీపు ఆనించి నిలబడింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన మాటకి ఎదురుచెప్పి ఎరగని మనిషి.

"పిల్ల రాత్రంతా గోక్కుంటోంది. మీరు పక్కగదిలో పడుకుంటారు, మీకు వినబడదు. నాకు వినబడుద్ది. ఇది ఆపారంటే ఆ పిల్లని తీసుకుని మా అన్నయ్య ఇంటికి పోతాను. ఊరంతా అడుగుతారు ఎందుకొచ్చావని. చెప్తాను."

తెర మీద అప్పుడే చంద్రరావు చొక్కా సర్దుకుని లేచాడు. "చూడమ్మా, ఈ ఊరు నా ఇల్లు" అన్నాడు. శివరామకృష్ణ నిలబడిన చోటే నిలబడి ఆ మాటంతా విన్నాడు. కెమెరా పక్కకి జరిగి ముందువరసలో ఆయన్నే చూపించింది, చప్పట్లు కొడుతూ. ఆయన తల దించుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

గ్రామసభ ఏప్రిల్లో జరిగింది. తహశీల్దారు గారు కూడా వచ్చారు. పంచాయతీ టీవీ కింద బుల్లియ్య తన ప్లేయరు పెట్టాడు. దేవకుమారి ఎవరినీ అడక్కుండా డిస్కు వేసింది. చంద్రరావు మాట మొదటి నుంచి చివరిదాకా గదంతా వినబడింది. అయ్యాక ఆయన మొహం పాలిపోతుందని, తడబడతాడని ఆమె ఎన్నో రోజులుగా ఊహించుకుంటోంది.

ఆయన నవ్వాడు.

"అన్నానమ్మా. ఎదురుగా కెమెరా ఉంది, అన్నాను. టీవీలో అందరూ అంటారు. అయితే ఏంటి? కేసు వేస్తావా?"

ఒకరిద్దరు ఆయనతోపాటు నవ్వారు కూడా. దేవకుమారి ఆయన వైపు తిరగలేదు. జనం వైపు తిరిగింది.

"ఆయన సంగతి వదిలెయ్యండి. ఉగాదినాడు బయట ఈ అరుగు మీదే అన్నానా అని ఆయన అడిగితే నోళ్ళు మూసుకున్నారే, మీ మొహాలన్నీ ఉన్నాయి ఇందులో. మళ్ళీ వేస్తాను చూసుకోండి. చప్పట్లు కొడుతున్నారు. సూరమ్మా, నీ మనవడు మూడుసార్లు ఆస్పత్రికెళ్ళాడు. నువ్వూ కొడుతున్నావు. ఆయనకి సిగ్గు లేదు సరే, మీకేమైంది? నవ్వుతున్నారా? నవ్వండి! మీ పిల్లలకి ఈ నీళ్ళు పోస్తూ నవ్వండి!"

ఆమె డిస్కు మళ్ళీ మొదటికి తిప్పింది. గదిలో నవ్వు ఆగిపోయింది. ముసలి సూరమ్మ వెనక నుంచి లేచి, "అన్నాడు. నేను విన్నాను. ఆ రోజు చెప్పలేదు, భయమేసింది" అంది. తర్వాత ఒక మగమనిషి లేచాడు, తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. అందరూ లేవలేదు. శివరామకృష్ణ లేవలేదు. అయినా తహశీల్దారు మినిట్స్ రాసే గుమస్తాని పిలిచి, లేచినవాళ్ళ పేర్లు రాయమని చెప్పక తప్పలేదు. నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేయించకా తప్పలేదు.

చివరికి చంద్రరావు చెరువులన్నీ పూడలేదు. పరీక్షలో ఉప్పు తేలాక, గట్టుని ఆనుకున్న ఒక్కదాన్ని మాత్రం తహశీల్దారు ఆర్డరు మీద పూడ్పించారు. మిగతావి అలాగే ఉన్నాయి. మంచినీళ్ళ చెరువు రెండు వానాకాలాలు దాటితేగాని తేరుకోలేదు. ఈలోగా ఏదో వంక పెట్టి దేవకుమారి జీతం కొన్నాళ్ళు ఆపారు. ఆమె ఏలూరులో జిల్లా ఆఫీసు దాకా వెళ్ళి పోట్లాడి తెచ్చుకుంది. శివరామకృష్ణ కొట్టు మూతపడలేదు. చంద్రరావుకి మేత కావాలి, ఎక్కడో అక్కడ కొనక తప్పదు.

ఆ చెరువు పూడ్చే రోజున గట్టు మీద జనం బాగానే చేరారు. ఉగాదినాడు పంచాంగం కాయితం తిరగేసిన పెద్దమనిషి దేవకుమారి పక్కకి వచ్చి, "మొత్తానికి మనందరం కలిసి సాధించామమ్మా" అన్నాడు సంతోషంగా.

"మనం ఎవరండీ?" అంది దేవకుమారి.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ట్రాక్టరు మట్టి తోస్తోంది. ఆమె అలివేలుమంగ నిలబడిన వైపు నడిచి వెళ్ళి, ఆమె చంకలోని పిల్లని ఎత్తుకుంది.